వనసౌరభము, తార్నాక పొగ

వేసవిలో సూర్యోదయమునకు అరగంట ముందు అంబర్‌పేటలోని మా యిల్లు విడిచి, శివం రోడ్డు మీదుగా నడచి, ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణలో అడుగుపెట్టినంతనే గాలి మారిపోవును. రాత్రి చల్లబడిన నేల తడివాసన, రాలిన వేపపూత తీపి, నిన్నటి సాయంకాలము కోసి విడిచిన పచ్చిక నుండి ఇంకను లేచుచున్న పచ్చిపరిమళము, ఎండుటాకుల నడుమ నిలిచిన నీలగిరిచెట్టు ఘాటు, ఇవన్నియు కలసి ఒక్కసారిగా ముక్కుపుటములను తాకునప్పుడు, ఇరువదియేండ్లుగా ఈ దారిని నడచుచున్న నాకు సైతము ఊరు వెనుకబడి వనము ఎదురువచ్చినట్లే తోచును. అదే దినము మధ్యాహ్నము, పని ముగించుకొని తార్నాక కూడలిలో బస్సు కొరకు నిలిచినప్పుడు గాలి మరియొక రూపము దాల్చును. కన్నులు మండును, గొంతు గరగరలాడును, ఊపిరి సగములోనే ఆగినట్లుండును. ఆ మంటకు దుమ్మును పొగయు ప్రధానకారణములే యైనను, కంటికి కానరాని మరియొక పదార్థము కూడ అందు పాలుపంచుకొనుచున్నది. ఉదయపు పరిమళమునకును మధ్యాహ్నము పుట్టు ఆ పదార్థమునకును బంధుత్వము కలదని చెప్పినచో మొదట నమ్మబుద్ధి కాదు. నాకును కాలేదు. కాని ఆ బంధుత్వము నిజము. దానిని తెలిసికొనుటకు హైదరాబాదు నుండి ఉత్తరపు శీతలదేశములలోనున్న పైన్ అడవుల దాక పోయి రావలసియుండును.

ముందుగా ఒక నీలగిరి ఆకును త్రుంచి ఉదయపుటెండకు అడ్డముగా పట్టి చూడుడు. ఆకుపచ్చని పలకమీద సూదిమొనతో పొడిచినట్లు లెక్కలేనన్ని వెలుతురుచుక్కలు కనబడును. అవి రంధ్రములు కావు. తైలముతో నిండిన తిత్తులు. ఖమ్మం ప్రాంతపు రైతులు ఈ చెట్టునే జామాయిల్ అందురు. ఆ పేరులోనే తైలము కలదు. ఆకును వ్రేళ్ల నడుమ నలిపినచో తిత్తులు చిట్లి, తైలము చర్మమునకంటి, అరనిమిషములో ఆరిపోవును. ఆరిపోయినదనగా నశించినదని కాదు గదా. ఆవిరియై గాలిలో కలిసినది. మనము నలిపినను నలపకున్నను, ఎండ యెక్కుచున్నకొలది ప్రతి ఆకును ఈ పనిని తనంతట తాను చేయుచునే యుండును.

వాసన యనునది పదార్థము. చెట్టు తన దేహమునుండి తేలికపాటి కర్బనసమ్మేళనములను గాలికి వదలుచున్నది. శాస్త్రజ్ఞులు వీనిని బాష్పశీల కర్బనసమ్మేళనములందురు. వీని నిర్మాణము మేస్త్రీ గోడ కట్టినట్లే యుండును. ఐదు కర్బనపరమాణువులను, ఎనిమిది ఉదజని పరమాణువులను కూర్చిన చిన్న అణువు ఐసోప్రీను, అది ఇటుక. రెండిటుకల పొడవు గలవి మోనోటెర్పీనులు. మూడిటుకల పొడవు గలవి సెస్క్విటెర్పీనులు. కమలాపండు తొక్కలోని లిమొనీను మోనోటెర్పీను. లవంగములోను మిరియములోను గల కారియోఫిలీను సెస్క్విటెర్పీను. కమలాతొక్కను మడిచి దీపపు సెగ మీదికి చిదిమినచో చిటచిటలాడుచు మిణుగురులెగయుటను చిన్ననాడు చూడని తెలుగుపిల్లవాడు అరుదు. ఆ మెరసినది లిమొనీనే. ఇక దేవునియెదుట వెలిగించు హారతికర్పూరము మాట చెప్పవలెను. నేడు అంగడిలో దొరకు కర్పూరములో అధికభాగము కర్పూరవృక్షము నుండి వచ్చునది కాదు. పైన్ చెట్ల జిగురునుండి తీసిన టర్పెంటైనులో ఆల్ఫా పైనీను అను మోనోటెర్పీను కలదు, దానినే కర్మాగారములలో మెట్టు మెట్టుగా మార్చి కర్పూరముగా చేయుదురు. అనగా పైన్ చెట్టు నీడ నెన్నడును చూడని ఇంటిలో సైతము, సాయంసంధ్యవేళ పళ్లెములో వెలుగుచున్నది పైన్ చెట్టు ఊపిరియే.

ఈ ఊపిరి కొలత అల్పమనుకొనరాదు. భూమిమీది వృక్షజాలమంతయు కలసి ఏడాదికి సుమారు 100 కోట్ల టన్నుల ఇట్టి సమ్మేళనములను గాలిలోనికి వదలుచున్నదని నేటి అంచనా. అందు సగము వరకు ఐసోప్రీనొక్కటియే. మన వాహనములు, కర్మాగారములు, రంగులు, పెట్రోలు బంకులు వదలునదంతయు కలిపినను ఇందు చిన్నభాగమే యగును. చెట్లు నోరులేనివని మనమందుము. ఇన్ని కోట్ల టన్నులు పలుకుచున్నదానిని నోరులేనిదనుట న్యాయము కాదు.

చెట్టు ఈ వ్యయమేల చేయును? పైన్ జాతులు తమ కాండములోను ఆకులలోను జిగురును నాళములలో నిలువయుంచుకొనును; బెరడు తొలుచు పురుగు లోపలికి దిగినంతనే జిగురు పొంగి పురుగును ముంచివేసి, ఆరి, గాయమును కప్పివేయును. ఐసోప్రీను కథ వేరు. అది నిలువయుండునది కాదు. వెలుతురున్నంతసేపు ఆకులో పుట్టి పుట్టినట్లే బయటికి పోవుచుండును. తీవ్రమైన వేడిమినుండి పత్రహరితపు యంత్రాంగమును అది కాపాడునని ప్రయోగములు చెప్పుచున్నవి. జార్జియా దేశపు శాస్త్రజ్ఞుడు గీవీ సనాద్జే 1957లో ఆకులనుండి ఐసోప్రీను వెలువడుటను మొదట కనుగొనెను. అంతవరకు దానిని కృత్రిమ రబ్బరు చేయువారి సరకుగానే లోకమెరుగును.

ఇప్పుడు ఉత్తరమునకు పోవుదము. కాళిదాసు కుమారసంభవపు తొలి సర్గలో హిమవంతుని వర్ణించుచు, ఏనుగులు చెక్కిళ్ల దురద తీర్చుకొనుటకు సరళవృక్షములను రాచుకొనగా వాని పాలు స్రవించి కొండచరియలన్నియు పరిమళించినవని చెప్పెను. సరళవృక్షమనగా హిమాలయపు పైన్. దాని పాలు ఆ జిగురే. గాయము, స్రావము, ఆవిరి, గాలిలో వ్యాప్తి, ఈ నాలుగింటిని ఇంత క్రమముగా చూపిన ఆ కవి దృష్టికి నేటి రసాయనశాస్త్రజ్ఞుడు కూడ నమస్కరింపవలసినదే. అరకు ప్రాంతపు కొండలలో నాటి పెంచిన పైన్ చెట్ల క్రింద నిలిచినవారికి ఆ వాసన కొంత పరిచితము. కాని దాని అసలు సామ్రాజ్యము ఉత్తరమున, రష్యా, కెనడా, ఫిన్లాండు, స్వీడను దేశములలో కలదు. మన భూగోళపాఠములలో శృంగాకారపు అడవులనియు టైగా యనియు చదివినవి ఇవియే. భూమిమీది అడవులలో దాదాపు మూడవవంతు ఇచ్చటనే. ఏడాదిలో సగము మంచు. మిగిలిన సగములో సూదులవంటి ఆకుల నుండి ఎడతెగక పైనీనుల ఊట.

అట్టి అడవులమీదను, వేసవిలో అమెరికా దక్షిణరాష్ట్రముల కొండలమీదను, దూరమునుండి చూచినచో పలుచని నీలిపొర తేలుచుండును. చెంత మంటలేదు, పొగగొట్టములేదు. మరి ఆ నీలిమ యెక్కడిది? ఈ ప్రశ్నను గట్టిగా అడిగినవాడు ఫ్రిట్స్ వెంట్. ఇంటర్మీడియెట్ వృక్షశాస్త్రము చదివిన ప్రతి విద్యార్థికి ఆయన పేరు తెలియును. ఓట్స్ మొలకల కొనలనుండి ఆక్సిను అను వృక్షహార్మోనును రాబట్టినవాడాయనయే. 1960లో ఆయన, ఆకులు వదలిన టెర్పీనులు ఎండలో మార్పుచెంది అతిసూక్ష్మరేణువులుగా గడ్డకట్టుననియు, ఆ రేణువులు నీలికాంతిని ఎక్కువగా వెదజల్లుటచేతనే ఆ పొర నీలముగా కనబడుననియు వ్రాసెను. చెట్లు ఏటేట వదలు పదార్థము 17.5 కోట్ల టన్నులని ఆయన వేసిన లెక్క నేటి లెక్కకు చాల తక్కువ. సూత్రము మాత్రము నిలిచినది.

నిలిచినదనుటకు నిదర్శనము ఫిన్లాండులోని హ్యూటియాలా. హెల్సింకి నగరమునకు ఉత్తరముగా రెండువందల కిలోమీటర్ల పైచిలుకు దూరమున, 1962లో విత్తిన పైన్ తోట నడుమ, హెల్సింకి విశ్వవిద్యాలయమువారు 1995లో ఒక పరిశీలనకేంద్రమును నెలకొల్పిరి. చెట్లతలలకన్న ఎంతో ఎత్తునకు లేచిన స్తంభము, కొమ్మలకు కట్టిన పారదర్శకపు పెట్టెలు, వేరువేరు ఎత్తులనుండి గాలిని పీల్చి యంత్రములకందించు గొట్టములు, ఇవి దాని సామగ్రి. 1996 జనవరి మొదలుకొని అచ్చటి గాలిలోని రేణువుల సంఖ్యను, పరిమాణమును రేయింబవళ్లు నమోదు చేయుచున్నారు. మార్కు కుల్మల నాయకత్వమున అచ్చట తేలిన విషయము విన్నకొలది విస్మయము కలిగించును: నిర్మలమైన వసంతపు ఉదయమున, అంతవరకు శూన్యమనిపించిన గాలిలో, వెండ్రుక మందములో సుమారు డెబ్బదివేలవ వంతుండు రేణువులు వేలకొలది ఒక్కమారు పుట్టుకొనివచ్చి, పొద్దు వాటారువరకు పెరుగుచు, ఒకటి రెండు దినములలో మేఘబిందువునకు బీజమగునంత పరిమాణమునకు చేరుకొనును.

ఈ పుట్టుక లోగుట్టు ఇట్టిది. ఎండ తగిలిన గాలిలో హైడ్రాక్సిల్ అను అల్పాయుష్కమైన అణుఖండము పుట్టుచుండును. దాని ఆయువు ఒక క్షణము. ఆ క్షణములోనే అది దొరకిన కర్బనసమ్మేళనమును పట్టుకొని దహించుటకు ఆరంభించును. వాతావరణమును శుభ్రపరచు చాకలి యది. అడవిలో దానికి తోడుగా ఓజోనుండును. ఓజోను పైనీనును తాకినప్పుడు, ఆ అణువు తనలోతాను మలుపులు తిరుగుచు చుట్టునున్న ఆమ్లజనిని ఒక్కటొక్కటిగా లోనికి తీసికొని, స్వల్పకాలములోనే ఏడెనిమిది ఆమ్లజని పరమాణువులను మోయునంత బరువెక్కును. బరువెక్కిన పిమ్మట ఆవిరిగా నిలువజాలదు. ఏది దొరకిన దానిమీద అతుకుకొనును. హ్యూటియాలాలోను ప్రయోగశాలలలోను ఈ బరువైన అణువులను పట్టుకొని చూపిన పరిశోధనము 2014లో వెలువడెను. 2016లో, జెనీవా వద్దనున్న సెర్న్ సంస్థలోని ఉక్కుగదిలో, గంధకామ్లము తోడులేకయే పైనీను ఆవిరులు మాత్రమే రేణువులను పుట్టింపగలవని తేల్చిరి. ఆ రేణువుల చుట్టును తేమ చేరి మేఘమగును. బిందువులు ఎక్కువైనకొలది మేఘము తెల్లనై ఎండను వెనుకకు మరల్చును. వేడి పెరిగినచో చెట్లు మరింత పైనీను వదలును, మేఘము మరింత తెల్లనగును, అడవి ఒకింత చల్లబడును. భూతాపమును ఆపుటకు ఈ చల్లదనము చాలదు. కాని అడవి తన నీడను తానే నేసికొనుచున్నదనుట కవిత్వము కాదు, కొలిచి చెప్పిన మాట.

మరి ఇంత సాధువైన పదార్థము తార్నాకలో ఏల చెడును? ఇందుకు సమాధానము కూడ సువాసనను పరిశోధించినవాని చేతనే దొరకినది. వెంటుకు సహాధ్యాపకుడును స్వదేశస్థుడును అయిన డచ్చి శాస్త్రజ్ఞుడు ఆరీ హాగెన్ స్మిట్, కాలిఫోర్నియాలోని పాసడేనాలో అనాసపండు పరిమళములోని అణువులను వేరుపరచుపనిలో నుండెను. 1943 మొదలు లాస్ ఏంజెలిస్ నగరమును మంటపుట్టించు మబ్బు కప్పుచుండగా, దానిని పరీక్షింపుమని ఆయన నడిగిరి. పండువాసనను పట్టిన పరికరములతోనే నగరపుగాలిని పట్టి, 1950 ప్రాంతములలో ఆయన తేల్చినదేమనగా, వాహనముల నుండి వచ్చు నత్రజని ఆక్సైడులును కర్బనసమ్మేళనములును ఎండలో కలసినప్పుడు ఓజోను పుట్టుచున్నది. ఆకాశపు పైపొరలో ఉండి అతినీలలోహిత కిరణములనుండి మనలను కాచునదియే ఓజోను. నేలమీద అదియే ఊపిరితిత్తులకు, పంటలకు విషము.

ఇందలి మెలకువ వినదగినది. నత్రజని డయాక్సైడును ఎండ ఖండించినచో ఒక ఆమ్లజని పరమాణువు విడివడి, గాలిలోని ఆమ్లజనితో కలసి ఓజోనగును. మిగిలిన నత్రజని మోనాక్సైడు వెంటనే ఆ ఓజోనునుండి తన పరమాణువును తిరిగి లాగుకొనును. అప్పు ఇచ్చినవాడే ఆ పూటకాపూట వసూలు చేసికొనుచున్నాడు కనుక ఓజోను పెరుగదు. ఇంతలో కర్బనసమ్మేళనము దహనముచెందగా పుట్టిన పెరాక్సీ అణువులు నడుమ ప్రవేశించి, నత్రజని మోనాక్సైడునకు కావలసిన ఆమ్లజనిని తామే ఇచ్చివేయును. బాకీ మరియొకచోట తీరినది; ఇక ఓజోనునడుగువాడు లేడు. గంటగంటకు అది పోగుపడుచుండును. ఈ పనికి బండిపొగలోని పెట్రోలు ఆవిరియైనను, చెట్టు వదలిన ఐసోప్రీనైనను ఒకటే. పైగా ఐసోప్రీను అంతకన్న చురుకైనది.

అమెరికాలోని అట్లాంటా నగరము చెట్లతో నిండిన ఊరు. కర్మాగారముల, వాహనముల కర్బనవిసర్జనను ఎంత తగ్గించినను అచ్చటి ఓజోను తగ్గకపోవుట చూచి, విలియం కమీడిస్ బృందము 1988లో లెక్కవేసి, చెట్ల ఐసోప్రీనును లెక్కలో చేర్చకపోవుటయే ఆ వైఫల్యమునకు కారణమనియు, అట్టి ఊళ్లలో తగ్గింపవలసినది నత్రజని ఆక్సైడులనియు చూపెను. అంతకు కొలది యేండ్ల ముందు ఆ దేశాధ్యక్షుడు రీగన్ కాలుష్యమునకు వాహనములకన్న చెట్లే ఎక్కువ కారణమని పలికియుండెను. ఆ మాట అర్ధసత్యము. అర్ధసత్యము అసత్యముకన్న ఎక్కువ చెరుపు చేయును. ఫిన్లాండు అడవిలో చెట్టు వదలిన ఆవిరి మేఘబీజమైనది. అదే ఆవిరి మన పొగతో చేరి విషమైనచో నేరము చెట్టుది కాదు. తగవులో ఇరువురుండినప్పుడు, ఎవరు వచ్చి చేరిరో వారిని అడుగవలెను. చెట్టు కోట్లయేండ్లుగా ఇచ్చటనే యున్నది.

ఇప్పుడు తార్నాకకు మరలివత్తము. ఏప్రిల్, మే నెలలలో ఇచ్చట ఎండ నలుబది డిగ్రీలు దాటుట సామాన్యము. వేడి పది డిగ్రీలు పెరిగినచో మోనోటెర్పీనుల విసర్జన సుమారు రెండున్నర రెట్లగును. ఐసోప్రీను నలుబది డిగ్రీల సమీపమున శిఖరమునకు చేరును. ఒక వంక విశ్వవిద్యాలయపు తోపులు, మరియొక వంక ఉప్పల్ దారిలో ఎడతెగని వాహనములు, నడినెత్తిన ఎండ. ఓజోను వంటకమునకు కావలసిన మూడు దినుసులును ఒక్కచోటనే సిద్ధము. ఇందొక విపరీతము కలదు. సరిగా కూడలిలో, అప్పుడే గొట్టమునుండి వెలువడిన నత్రజని మోనాక్సైడు ఓజోనును తినివేయుచుండును గనుక, అచ్చట ఓజోను తక్కువగానే యుండవచ్చును. పొగ గాలివాటున సాగి, పలుచబడి, చెట్లనడుమకు చేరిన పిదప అది ఎక్కువగును. కనుక మధ్యాహ్నము రెండుగంటలకు చెట్ల క్రింద పరుగెత్తువాడు తాను స్వచ్ఛమైన గాలి పీల్చుచున్నాననుకొనుట పొరపాటు కావచ్చును. వేకువనే నడచువానికి ఈ బెడద తక్కువ, ఏలయనగా ఎండలేనిదే ఓజోను పుట్టదు. మన దేశములో 2009లో ప్రకటించిన ప్రమాణము ప్రకారము ఘనమీటరు గాలిలో ఓజోను ఎనిమిది గంటల సగటున 100 మైక్రోగ్రాములు, ఒక గంట సగటున 180 మైక్రోగ్రాములు మించరాదు.

పైన్ అడవికిని మన తోపునకును గల భేదమును కూడ గుర్తింపవలెను. ఉష్ణమండలపు చెట్లలో ఐసోప్రీను వదలునవి ఎక్కువ; మన రావిచెట్టు అట్టిదే. జర్మనీలో జరిగి 2009లో ప్రకటితమైన ప్రయోగములు, ఐసోప్రీను మిక్కుటమైనచోట కొత్త రేణువుల పుట్టుక మందగించునని చూపినవి. హైడ్రాక్సిలును అదియే ముందుగా ఆక్రమించుకొనును. కావున ఉత్తరపు అడవిలో చూచిన మేళ్లన్నియు మనకు అదే పాళ్లలో దక్కునని ఎంచుట తగదు.

ఇది నగరపు సమస్య మాత్రమే కాదు. కాగితపు మిల్లుల కొరకు పెంచుచున్న జామాయిల్ తోటలు ఐసోప్రీనును బాగుగా వదలును. పశ్చిమగోదావరిలోను ఖమ్మములోను ఏటేట విస్తరించుచున్న పామాయిల్ తోటల సంగతి అంతకన్న ముఖ్యము. బోర్నియో ద్వీపములోని సబా ప్రాంతమున నిక్ హ్యూయిట్ బృందము చేసి 2009లో ప్రకటించిన కొలతలలో, పామాయిల్ తోట పక్కనున్న సహజారణ్యముకన్న అనేక రెట్లు ఐసోప్రీను వదలుచున్నట్లు తేలినది. అచ్చట నత్రజని ఆక్సైడులు తక్కువగుటచే ఓజోను పెరుగలేదు. అవి కూడ పెరిగిన నాడు ప్రమాదము తప్పదని వారు హెచ్చరించిరి. తోటచుట్టు లారీలు, ఇటుకబట్టీలు, గడ్డితగులబెట్టుట, మోతాదుమించిన యూరియా, ఇవన్నియు నత్రజని ఆక్సైడులను గాలికెక్కించునవే. పామాయిల్ వేయవద్దని నేననను. రైతునకు అందు రాబడి కలదు. ఆ తోటల నడుమ ఓజోను కొలుచు పరికరములను నిలుపవలెనని మాత్రము గట్టిగా అందును. ఓజోను తగిలిన వరిపైరు దిగుబడి తగ్గును.

కొలుచుటకు తగినవారు మన దగ్గర లేరా? తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతికసంస్థ 1944లో నిజాం ప్రభుత్వపు కేంద్ర ప్రయోగశాలగా పుట్టి, 1956లో ప్రాంతీయ పరిశోధనశాలయై, 1989లో నేటి పేరు దాల్చినది. పైరుపురుగులను వాసనతో పిలిచి పట్టు ఫెరోమోనులను తయారుచేసినవారు అచ్చటివారు. గాలిలోని వాసన వారికి కొత్త విద్య కాదు. బోడుప్పల్‌లో నిమ్మగడ్డి, పామరోజా వంటి సుగంధపు పైరులమీద పనిచేయు సీమాప్ కేంద్రము కలదు. ఉస్మానియాలో రసాయన, వృక్షశాస్త్ర శాఖలు పక్కపక్కన నున్నవి. ఇంతమంది విద్వాంసులు ఇరుగుపొరుగున నున్న ఊళ్లు దేశములో తక్కువ.

ఆ శాఖల అధ్యాపకులను, విద్యార్థులను నేను కోరునది ఒక్కటే. ఆవరణలోని వేప, రావి, కానుగ, నీలగిరి, గుల్‌మొహర్, ఒక్కొక్క జాతిలో ఒక్కొక్క కొమ్మకు పారదర్శకపు సంచి తొడిగి, గంటకొకమారు ఆ గాలిని తీసి, ఏ చెట్టు ఏ ఋతువులో ఏమి వదలుచున్నదో ఒక పట్టిక వ్రాయుడు. ఢిల్లీలోని జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమువారు ఈ శతాబ్దపు తొలియేండ్లలో అట్టి పని చేసి చూపిరి. రోడ్డుపక్క నాటుటకు నగరపాలకులకు ఏ చెట్టు తగునో ఆ పట్టిక చెప్పగలదు. సంచి తొడిగినందున చెట్టుకు హాని లేదు, నిచ్చెనయు అక్కరలేదు. ఆర్ట్స్ కాలేజీ స్టేషనుకు పోవు దారిలో వేపకొమ్మలు చేతికందునంత క్రిందనే యున్నవి.